కష్టం రాసిన పేజీకి మార్కులెందుకు?

‘‘మా అమ్మ చేతులు తంబాకు వాసనొస్తయి. అన్నం కలిపి పెట్టినా గదే వాసన. చిన్నప్పుడు గదే అమ్మ వాసన అనుకున్న. ఇప్పుడు దోస్తులు ఇంటికొస్తే బీడీల చాట మంచం కిందికి నూకుత. అమ్మ సూస్తది గని ఏమనది.’’

నిజామాబాద్ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నప్పుడు, ‘మా అమ్మ’ అనే అంశం మీద ఒక విద్యార్థిని రాసిన అయిదు వాక్యాలివి. 2012 ప్రాంతంలో సంగతి. ఆ ఊళ్లో చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, కత్తెర. బడి నుంచి వచ్చిన ఆడపిల్లలు పుస్తకాల సంచి మూలన పెట్టి, తల్లి పక్కన కూర్చొని బీడీల కొసలు మడుస్తారు. ఆ అయిదు వాక్యాలు చదివి నేను చేసిన పని ఎర్ర పెన్ను తీయడం. ‘గదే’ను ‘అదే’ అనీ, ‘నూకుత’ను ‘నెట్టివేస్తాను’ అనీ, ‘సూస్తది గని’ని ‘చూస్తుంది కానీ’ అనీ దిద్దాను. పదికి అయిదు మార్కులు వేసి, ‘భాషాదోషాలు సరిచేసుకో, ముగింపు రాయలేదు’ అని కింద రాశాను. తర్వాతి పరీక్షలో దాదాపు అలాంటి ప్రశ్నే వస్తే ఆ అమ్మాయి ఇలా రాసింది: ‘‘మా అమ్మ ఎంతో కష్టజీవి. ఆమె నాకు ఆదర్శం. నేను బాగా చదువుకొని ఆమె పేరు నిలబెడతాను.’’ ఒక్క తప్పు లేదు. ముగింపు కూడా ఉంది. తొమ్మిది మార్కులు వేశాను.

నా ఉద్యోగ జీవితంలో నేను వేసిన మార్కులన్నింటిలోనూ నన్ను ఎక్కువగా బాధపెట్టేవి ఆ తొమ్మిది. మొదటి పేజీలో పద్నాలుగేళ్ల పిల్ల తన సిగ్గును తానే పట్టుకుంది. తల్లి చేసే పనిని దాచాలనుకోవడం, దాస్తున్నట్టు తల్లికి తెలుసని తనకు తెలియడం, ఆ రెండింటి మధ్య మౌనంగా నిలబడటం అన్నవి మనిషి ఎదగడంలో చాలా పెద్ద ఘట్టాలు. వాటిని ఆ పిల్ల అయిదు వాక్యాల్లో పెట్టగలిగింది. నేను ఆమెకు నేర్పింది, వాటిని ఎలా దాచాలో.

కౌమారంలో ఉన్న పిల్లలు తమకు ఎదురైన కష్టం గురించి, తాము చూపిన తెగువ గురించి, తమలో వచ్చిన మార్పు గురించి రాయడం మంచిదని ఇప్పుడు అందరూ అంటున్నారు. విద్యాశాఖ అంటుంది, మానసిక వైద్యులు అంటారు, పత్రికలు పిల్లల పేజీల్లో పోటీలు పెడతాయి. ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ రాయమని చెప్పేటప్పుడు మనం ఒక షరతు పెడుతున్నాం. కష్టం రాయాలి, అయితే అది గెలుపుతో ముగియాలి; భయం గురించి రాయాలి, అయితే ఆఖరి వాక్యంలో ధైర్యం రావాలి. జరిగిందేమిటో పిల్లవాడికి ఇంకా అర్థం కాకముందే దాని సారాంశం చెప్పమంటున్నాం. ఈ షరతు ఉన్నంతకాలం పిల్లలు రాసేది తమ జీవితం కాదు, మనం వినదలచుకున్న జవాబు.

మన పాఠ్యపుస్తకాలను తప్పుపట్టడం తేలికే గానీ అది న్యాయం కాదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చిన తర్వాత రెండు రాష్ట్రాల తెలుగు వాచకాల్లోనూ పాఠం చివర ‘స్వీయరచన’ అనే శీర్షిక పెట్టారు. ‘సృజనాత్మకత’ కింద లేఖ రాయమని, డైరీ పుట రాయమని, ఆత్మకథ రూపంలో రాయమని అడిగారు. ఆలోచన చాలా మంచిది. జూన్ నెల తిరక్కముందే ఆ స్వీయరచనలకు గైడ్లలో జవాబులు వచ్చేశాయి. పిల్లవాడి సొంత అనుభవం అడిగిన ప్రశ్నకు కూడా అచ్చువేసిన సమాధానం పుస్తకాల దుకాణంలో దొరుకుతుంది. ఒకే తరగతిలో నలభై మంది ఒకే తాతయ్యను పోగొట్టుకున్నట్టు, ఒకే వర్షంలో తడిసినట్టు, ఒకే వృద్ధుణ్ని రోడ్డు దాటించినట్టు రాసిన నోటుపుస్తకాలు నేను దిద్దాను. ఆ నలభై మందిలో నిజంగా తాతను పోగొట్టుకున్నవాడు ఉన్నా, వాడు కూడా గైడ్‌లోని తాత గురించే రాశాడు. మార్కులు అక్కడే ఉన్నాయి కాబట్టి వాడిని తప్పుపట్టలేం.

దీని వెనక బడి కంటే పాతదైన కారణం మరొకటి ఉంది. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నారు. నాన్న తాగొస్తాడని, అక్క పెళ్లి ఆగిపోయిందని, బోరు పడక అప్పు మీదపడిందని, దుబాయ్ నుంచి మూడు నెలలుగా డబ్బు రావడం లేదని బయట చెప్పకూడదన్న క్రమశిక్షణలో మన పిల్లలు పెరుగుతారు. ఆ క్రమశిక్షణకు అర్థముంది. బయటపడిన బలహీనతను వాడుకునే ఊళ్లలో గుట్టు ఒక రక్షణ. కాబట్టి ‘మనసులో మాట రాయండి’ అని పిల్లలకు చెప్పడమంటే ఇల్లు నేర్పినదాన్ని పక్కనపెట్టమని చెప్పడమే. అంత పెద్ద కోరిక కోరేటప్పుడు బదులుగా వాళ్లకు ఏ భరోసా ఇస్తున్నామో చెప్పగలగాలి.

తెలుగులో స్వీయచరిత్రలకు కొదవ లేదు. కందుకూరి వీరేశలింగం నుంచి నేటి దాకా ఎందరో రాశారు. కానీ దాదాపు అన్నీ యాభై దాటాక, అరవై దాటాక వెనుదిరిగి చూసి రాసినవి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సమయంలో ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర కార్యకర్తగా నిలబడిన పద్నాలుగేళ్ల దుర్గాబాయి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన సంఘటన తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితంలో అది వెలుగులీనే ఘట్టం. అయితే ఆ రోజు రాత్రి ఆ పిల్ల ఏమనుకుందో మనకు తెలియదు. భయపడిందా, నిర్వాహకులు కోప్పడినప్పుడు ఏడుపొచ్చిందా, తాను చేసింది ఒప్పేనని అప్పుడే అనిపించిందా, పొద్దున లేచాక అనిపించిందా అన్నవి ఆ రాత్రే రాస్తే తప్ప మిగలవు. పెద్దయ్యాక చెప్పిన కథలో ధైర్యం ముందే సిద్ధంగా ఉంటుంది. చిన్నప్పుడు రాసిన పేజీలో అది వణుకుతూ పుడుతుంది. మన భాషలో మొదటి రకం పుష్కలంగా ఉంది. రెండోది చాలా తక్కువ.

ధైర్యం అనగానే మనం చూపించే బొమ్మలు కూడా పిల్లలకు ఒక అడ్డంకి అవుతాయి. 2014 మే 25న మా జిల్లాకే చెందిన పాకాల గ్రామం అమ్మాయి మాలావత్ పూర్ణ, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే గిరిజన బాలిక సాధించిన ఆ విజయం మా బడి పిల్లలను ఎంత కదిలించిందో నేను కళ్లారా చూశాను. ఆ ఏడు ‘సాహసం’ అనే అంశమిస్తే తరగతిలో దాదాపు అందరూ పూర్ణ గురించే రాశారు. అది గర్వపడాల్సిన విషయమే. కానీ పక్క బెంచీలోనే, మేనబావతో పెళ్లి వద్దని నాన్న ముందు నిలబడి చెప్పిన పిల్ల ఉంది. ఆమె కూడా పూర్ణ గురించే రాసింది. అడిగితే, ‘‘నాది సాహసమెట్లయితది సార్, అన్నం తినకుంట కూసున్న గంతే’’ అంది. ఎనిమిది వేల మీటర్లు ఎక్కినవాళ్ల గురించి చెప్పడం మానమని నేను అనను. రెండు రోజులు అన్నం ముట్టకుండా కూర్చోవడానికి ఎంత ఎత్తు ఎక్కాలో కూడా చెప్పి ఉండాల్సింది.

నా పద్ధతి మారింది కరోనా తర్వాత. 2020 మార్చిలో మూతపడిన బడి, తొమ్మిది, పది తరగతులకు 2021 ఫిబ్రవరి 1న మళ్లీ తెరుచుకుంది. మధ్యలో టీవీలోనూ ఫోన్లలోనూ పాఠాలు నడిచాయి. ఫోను ఉన్న పిల్లలు విన్నారు, లేనివాళ్లు మానేశారు. తెరిచిన వారంలోనే ఎంత సిలబస్ పోయింది, ఎంత మిగిలింది అన్న లెక్కలు మొదలయ్యాయి. పదిన్నర నెలలు ఏం జరిగిందని పిల్లలను అడిగే పట్టిక ఏదీ మాకు రాలేదు. ఒక పీరియడంతా వాళ్లకు తెల్లకాగితాలిచ్చి, ‘ఈ పది నెలల్లో నీకు గుర్తున్న ఒక్క రోజు గురించి రాయి, మార్కులు లేవు, నేను దిద్దను, ఎలా మాట్లాడతావో అలాగే రాయి’ అన్నాను. మొదటి పావుగంట ఎవరూ పెన్ను కదపలేదు. ‘‘ఎన్ని లైన్లు సార్?’’ అని ఒకరు, ‘‘మార్జిన్ కొట్టాలా?’’ అని ఇంకొకరు అడిగారు. తర్వాత రాయడం మొదలుపెట్టారు. గంట కొట్టినా ఆపలేదు.

ఆ కాగితాల్లో సెంట్రింగ్ పనికి వెళ్లిన అబ్బాయి ఉన్నాడు. మొదటి కూలి డబ్బులు అమ్మ చేతిలో పెట్టిన రోజు గురించి రాశాడు. డబ్బు చూసి అమ్మ సంతోషిస్తుందనుకుంటే ఆమె మొహం అటు తిప్పుకుందట. ‘ఎందుకో నాకు తెల్వది’ అని ఆగిపోయాడు. పాత నేనైతే, ఆ వాక్యం దగ్గర ‘ముగింపు?’ అని రాసేవాణ్ని. అది ముగింపు కాదు గనుకనే అది నిజమని ఆ రోజు అర్థమైంది. తల్లి మొహం ఎందుకు తిప్పుకుందో వాడికి ఇంకో అయిదేళ్లకు తెలుస్తుంది. తెలిసే దాకా ఆ వాక్యం అలా తెరిచి ఉండాలి.

ఆ ఉత్సాహంలో నేనొక పెద్ద తప్పు కూడా చేశాను. ఆ కాగితాల్లో బాగా నచ్చినదాన్ని, రాసిన పిల్లవాణ్ని అడగకుండా, పేరు చెప్పకుండా, మర్నాడు తరగతిలో చదివి వినిపించాను. పేరు చెప్పకపోయినా ఊరు చిన్నది. ఎవరి నాన్న దుబాయ్ నుంచి ఉత్త చేతులతో వచ్చాడో అందరికీ తెలుసు. చదవడం పూర్తయ్యేసరికి ఆ అబ్బాయి బల్ల మీద తల వాల్చేశాడు. తర్వాత ఏడాదంతా వాడు నాకు ఒక్క సొంత వాక్యం రాయలేదు. మెచ్చుకోవడం కూడా ఒకరి గుట్టును బజారున పెట్టడమే కావచ్చని నాకు అప్పటిదాకా తోచలేదు.

చాటు లేకుండా పిల్లలు నిజం రాయరని, ఈ పని గంభీరంగా చేసినవాళ్లందరూ తెలుసుకున్నారు. పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో ఆడపిల్లల బడులు 2009 జనవరి 15 నుంచి మూసేయాలని తాలిబన్లు హుకుం జారీ చేసిన రోజుల్లో, పదకొండేళ్ల మలాలా బీబీసీ ఉర్దూ కోసం రాసిన డైరీ ‘గుల్ మకాయ్’ అనే మారుపేరుతోనే వచ్చింది. బడికి వెళ్లేటప్పుడు వెనక ఎవరో వస్తున్నట్టు వేసిన భయం, యూనిఫాం వేసుకోవద్దంటే ఇష్టమైన గులాబీ రంగు గౌను వేసుకోవడం వంటి చిన్న సంగతులు ఆ చాటు వల్లే బయటికొచ్చాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం లాంగ్ బీచ్‌లోని విల్సన్ హైస్కూల్లో 1994లో ఎరిన్ గ్రూవెల్ అనే కొత్త టీచరు దగ్గరికి, ఇక చదవరని బడే ఆశ వదులుకున్న పిల్లలు వచ్చారు. ముఠాల తగాదాలు, కాల్పులు చూసి పెరిగినవాళ్లు. ఆ 150 మంది రాసిన డైరీలు 1999లో పుస్తకంగా వచ్చినప్పుడు వాటికి పేర్లు లేవు, అంకెలు మాత్రమే ఉన్నాయి. వాళ్ల గురించి సినిమా కూడా వచ్చింది కాబట్టి అందరూ ఆ టీచరు పట్టుదలనే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ అంకెలే ముఖ్యమనిపిస్తాయి.

చాటు ఇవ్వడమంటే ఏమిటో నాకు నేర్పింది ఒక విద్యార్థిని. 2021 సెప్టెంబరులో బడులు మళ్లీ తెరిచాక, తొమ్మిదో తరగతిలో అందరికీ ఒక్కో వంద పేజీల నోటుపుస్తకం ఇచ్చి, వారానికి ఒక పీరియడు కేటాయించాను. పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ని. చదవమని వాళ్లు అనుమతించిన పేజీలే చదివేవాణ్ని. మూడో వారంలో ఒక పుస్తకం తెరిస్తే మధ్యలో ఒక పేజీ లోపలికి సగానికి మడిచి, అంచులు అంటించి ఉంది. గమ్ము కాదు, మధ్యాహ్న భోజనంలోని అన్నం మెతుకులు. వేలితో మెదిపి అంచు పొడవునా రాసినట్టు అక్కడక్కడా గింజలు ఎండి తెల్లగా కనిపిస్తున్నాయి. మడత పైన చిన్న అక్షరాలతో ‘ఇది సదవద్దు సార్’ అని ఉంది. గోటితో గీకితే విడిపోయే అతుకు. ఆ పేజీని ఆమె చించేసి ఉండవచ్చు, ఇంటికి తీసుకెళ్లి దాచుకోవచ్చు. అయినా నాకే అప్పగించింది. నేను తెరవలేదు.

తెరవకపోవడం అంత తేలికైన నిర్ణయం కాదు, ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లలు రాసిన దాంట్లో లైంగిక వేధింపు కనిపిస్తే ఉపాధ్యాయుడికి మౌనంగా ఉండే హక్కు లేదు. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం అది పోలీసులకు తెలియజేయాల్సిందే. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద నేరం. ఒక పిల్ల బతకాలని లేదని రాస్తే దాన్ని రహస్యంగా దాచడం ద్రోహం. అందుకే ‘ఎవరికీ చెప్పను’ అని ఏ ఉపాధ్యాయుడూ పిల్లలకు మాటివ్వకూడదు. నేను ఇచ్చే మాట ఇది: ‘మీరు రాసింది నాలోనే ఉంటుంది. కానీ మీకు గానీ ఇంకొకరికి గానీ ప్రాణానికో ఒంటికో ముప్పు ఉందని తెలిస్తే మాత్రం, మీకు చెప్పి, సాయం చేయగలవాళ్లకు చెబుతాను.’ మొదటి రోజే చెబుతాను. బ్లాక్‌బోర్డు మీద 1098, 14416 ఫోన్ నంబర్లు రాస్తాను. మొదటిది పిల్లల సహాయానికి, రెండోది మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌ది. మడిచిన పేజీ ఉన్న అమ్మాయిని విడిగా పిలిచి, లోపల ముప్పు ఏమైనా ఉందా అని అడిగాను. ఆమె తలెత్తి నా కళ్లలోకి చూసి, ‘‘ముప్పు కాదు సార్, నా ముచ్చట’’ అంది. ఆ మాట నమ్మాను. నమ్మిన తర్వాత కూడా చాలా రోజులు ఆమె ముఖం గమనిస్తూనే ఉన్నాను.

రాయడం వల్ల ఏమొస్తుందని ప్రధానోపాధ్యాయులు అడిగినప్పుడు నేను జేమ్స్ పెనెబేకర్ పరిశోధన గురించి చెప్పేవాణ్ని. ఈయన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1986లో సాండ్రా బీల్‌తో కలిసి ప్రచురించిన అధ్యయనంలో 46 మంది కళాశాల విద్యార్థులతో వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. కొందరు మామూలు విషయాలు రాశారు, కొందరు తమ జీవితంలోని గాయాల గురించి. జరిగినదాన్నీ దాని చుట్టూ ఉన్న భావాలనూ కలిపి రాసినవాళ్లు, తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే వాళ్లకు హాయిగా ఏమీ లేదు, దిగులు పెరిగింది. ఈ పద్ధతిలో రాసేవాళ్లకు అక్షరదోషాలను, వ్యాకరణాన్ని పట్టించుకోవద్దని చెబుతారు. ఆ సూచన చదివినప్పుడు నా ఎర్ర పెన్ను గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇలాంటి అధ్యయనాలు వందల్లో జరిగాయి. 2006లో జోఆన్ ఫ్రాటరోలి అనే పరిశోధకురాలు 146 అధ్యయనాలను కలిపి చూస్తే సగటున మేలు ఉన్నట్టే తేలింది గానీ, అది చిన్నదే. రాత మందు కాదు. వైద్యం అవసరమైన పిల్లకు నోటుపుస్తకం ఇచ్చి చేతులు దులుపుకోవడం తప్పు. ఈ హద్దు తెలిసినవాళ్లే ఈ పని చేయాలి.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత రోజుల తరబడి మేము విన్న వార్తలు ఏ ఉపాధ్యాయుడూ మరచిపోలేడు. వారానికో పేజీ రాస్తే ఇవి ఆగుతాయని నేను చెప్పడం లేదు, అలా చెప్పే అర్హత ఎవరికీ లేదు. చెప్పదలచుకున్నది ఇంకొకటి. ఈ తరం పిల్లలకు వచ్చే అతిపెద్ద కష్టాల్లో మార్కు ఒకటి. ఆ కష్టం గురించి రాసినదానికి కూడా మార్కు వేస్తే, ఇక ఆ పిల్ల ఎక్కడికి పోవాలి?

ముగింపు లేకుండా వదిలేస్తే పిల్లలు అక్కడే కూరుకుపోతారు కదా, ఆశ చూపించవద్దా అని నా తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి నాకు తెలిసిన మంచి జవాబు అన్నే ఫ్రాంక్ కాగితాల్లో ఉంది. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకు వచ్చిన డైరీలో ఆమె రాయడం మొదలుపెట్టింది. మరుసటి నెలలోనే ఆ యూదు కుటుంబం నాజీలకు దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో అజ్ఞాతంలోకి వెళ్లింది. ఆ డైరీ గురించి లోకానికి తెలిసినంతగా, ఆమె తన పాత పేజీలను మళ్లీ చదువుకొన్న సంగతి తెలియదు. 1944 జనవరిలో, పద్నాలుగున్నరేళ్ల వయసులో, ఏడాదిన్నర కిందటి తన రాతలు చదివి, ఇప్పుడైతే అలా రాయలేనని అదే డైరీలో రాసుకుంది. ఆ మార్చి 28న లండన్ నుంచి రేడియోలో డచ్ ప్రవాస ప్రభుత్వ మంత్రి బోల్కెస్టైన్, యుద్ధకాలపు డైరీలు, ఉత్తరాలు భద్రపరచమని కోరడం విని, మే 20 నుంచి మొత్తం డైరీని విడి కాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని కుదించింది, కొన్నిచోట్ల జ్ఞాపకం నుంచి కొత్తగా చేర్చింది. ఆగస్టు 4న అరెస్టయ్యేదాకా, రెండున్నర నెలల పాటు, పదిహేనేళ్ల అమ్మాయి పదమూడేళ్ల తన రాతను సరిచేస్తూ కూర్చుంది. ఎదగడం ఆఖరి వాక్యంలో ఉండదు, పాత పేజీని మళ్లీ తెరిచినప్పుడు కనిపిస్తుంది. అందుకు రెండే కావాలి: పేజీ భద్రంగా ఉండాలి, మొదటిసారి రాసినప్పుడే అది అబద్ధమై ఉండకూడదు. ‘నేను బాగా చదువుకొని అమ్మ పేరు నిలబెడతాను’ అన్న వాక్యాన్ని అయిదేళ్ల తర్వాత తెరిచి చూస్తే ఆ పిల్లకు అక్కడ తాను కనిపించదు. చాటను మంచం కిందికి నెట్టిన వాక్యంలో కనిపిస్తుంది.

కష్టాన్ని దాచమనే మన పద్ధతికి పూర్తిగా ఎదురుగా, కష్టాన్ని చూపించమనే పద్ధతి అమెరికాలో ఉంది, అది ఇప్పుడు తెలుగు ఇళ్లలోకీ వచ్చింది. అక్కడ కళాశాలల ప్రవేశానికి చాలామంది పిల్లలు నింపే కామన్ యాప్‌లో 650 పదాలకు మించకుండా సొంత వ్యాసం రాయాలి. ఎదుర్కొన్న సవాలు, వైఫల్యం గురించి, దాని నుంచి నేర్చుకున్నదాని గురించి రాయమని అందులో ఒక ప్రశ్న. టెక్సస్‌లో ఉండే మా బంధువుల అబ్బాయి పన్నెండో తరగతిలో ఉండగా నాకు ఫోన్ చేసి, ‘‘పెదనాన్నా, మన ఫ్యామిలీలో ఏమైనా కష్టాలు ఉన్నాయా?’’ అని అడిగాడు. ఆ గొంతులో వినిపించిన కంగారు నిజమైనది. చివరికి వాళ్ల తాత కరువు రోజుల్లో పడ్డ బాధలు రాసి పంపాడు. కానీ ఆ పిల్లవాడు తండ్రి ఉద్యోగం కోసం మూడు రాష్ట్రాలు, నాలుగు బడులు మారాడు. వాడిది హెచ్-4 వీసా, అంటే తండ్రి ఉద్యోగ వీసా మీద ఆధారపడినది; 21 ఏళ్లు నిండితే ఆ ఆధారం పోతుంది, అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే తాను పెరిగిన దేశంలో ఉండటానికి వేరే దారి వెతుక్కోవాలి. రాత్రిళ్లు ఆ భయంతో నిద్రపట్టదని నాతో మాటల్లో చెప్పాడు. అది వ్యాసంలో ఎందుకు లేదంటే, ‘‘దానికి ఎండింగ్ లేదు కదా’’ అన్నాడు. నిజామాబాద్ పల్లెలో ఎర్ర పెన్నుతో నేను అడిగిందే, అక్కడ ప్రవేశాల అధికారి మర్యాదగా అడుగుతున్నాడు.

అందుకే పిల్లల సొంత రాతను మూల్యాంకనంలోకి తేవాలన్న ప్రతి ప్రతిపాదననూ నేను వ్యతిరేకిస్తాను, అది ఎంత మంచి మనసుతో చేసినదైనా సరే. వారానికి ఒక పీరియడు చాలు. తాళం వేసే బీరువా కావాలి. రాసినది చూపించాలా వద్దా అన్నది రాసినవాళ్ల ఇష్టంగా ఉండాలి. భాష వాళ్ల ఇంట్లో మాట్లాడేదై ఉండాలి. ఆదిలాబాద్ గూడెంలో గోండి మాట్లాడే పిల్ల, ఆదోనిలో కన్నడం కలిపి మాట్లాడే పిల్లవాడు తమ తమ మాటల్లో రాయనివ్వాలి. ప్రమాణ భాష నేర్పడానికి వారంలో మిగతా పీరియడ్లు ఉండనే ఉన్నాయి. రాయడం కష్టమైన పిల్లలు మాట్లాడవచ్చు కూడా. మా ప్రాంతంలో ఒకప్పుడు గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు ఇంటి కబుర్లు క్యాసెట్లలో రికార్డు చేసి పంపేవాళ్లు. ఇప్పుడు వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నారు. చదువురాని అమ్మలు కూడా తమ కష్టం అలాగే చెప్పుకున్నారు. పిల్లల రచనలు పుస్తకాలుగా వేసే మంచి ప్రయత్నాలు సిద్దిపేట వంటి చోట్ల ప్రభుత్వ బడుల్లో జరిగాయి. కథలకూ కవితలకూ అది చాలా మంచిది. సొంత కష్టాల పేజీలను మాత్రం అచ్చు దాకా తీసుకెళ్లే తొందర వద్దు. ఉపాధ్యాయుడి పేరుకు, బడి పేరుకు వచ్చే ప్రశంస ఆ తొందరలో ఎంత ఉంటుందో నాకు తెలుసు.

మేము నోటుపుస్తకాలను 2022 ఏప్రిల్‌లో, సెలవులకు ముందు పిల్లలకు తిరిగి ఇచ్చేశాం. మడిచిన పేజీ ఉన్న అమ్మాయి తన పుస్తకం తీసుకొని ముందు ఆ మడత ఉందో లేదో చూసుకుంది. మెతుకులు రాలి కొంచెం దుమ్ములా మిగిలాయి గానీ అంచులు విడలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి, గోటితో మెల్లగా గీకి విప్పుకొని, నిలబడే చదువుకుంది. చాలాసేపు చదివింది. తర్వాత పక్కన ఉన్న స్నేహితురాలిని పెన్ను అడిగి, కిటికీ గూట్లో పుస్తకం ఆనించి, ఆ రాత కిందే ఇంకేదో రాసింది. సిరా ఆరేదాకా ఊదింది. పేజీని పాత మడత మీదే మళ్లీ మడిచి, పుస్తకం సంచిలో పెట్టుకొని, ఎండలోకి వెళ్లిపోయింది.